నాలుగో చెరువులో అలికిడి

నడక 2318. అక్టోబరు 5, సోమవారం
లోపలికి: ఐదుంబావు. బయటికి: ఎనిమిదిన్నర. అలికిడి: సున్నా.

గేటు దగ్గర సాల్మన్ ఈవేళ నా చెప్పులు కూడా విప్పించాడు. ఎడమ చెప్పు కిర్రుమంటోందట. నాకైతే వినబడలేదు. వనం వాళ్ళిచ్చే గుడ్డ జోళ్ళు తొడుక్కుని, చేతికర్రకి రబ్బరు టోపీ తగిలించి, నాడి చూసే చేతిపట్టీ డాక్టరు నోరు నొక్కి లోపలికి నడిచాను. వెనకాల సహస్ర గారు గాజులు ఒక్కొక్కటే తీసి సాల్మన్ అలమారలో పెడుతున్నారు. ఆవిడ రిటైరైన నర్సు. ఆరేళ్ళుగా ఈ తొమ్మిదో లాకు పక్షివనానికి వస్తున్నారు, ఇంతవరకూ ఒక్క పిట్టని బెదరగొట్టలేదు. ఆ సంగతి ఆవిడ నోటితో చెప్పరు, మొహంతో చెబుతారు.

మన వల్ల ఒక పిట్ట లేచిపోతే ఒక అలికిడి. ఏడాదిలో పది దాటితే పాసు రద్దు. లెక్క కట్టేది కావలి. గట్ల మీది స్తంభాలన్నిట్లోనూ ఉండేది ఆ యంత్రమే. చూస్తుంది, వింటుంది, మన చెవిలో పెట్టుకున్న గింజలోంచి మెల్లగా మాట్లాడుతుంది. నడిచొచ్చాక సొంత చేత్తో ఈ పుస్తకం రాయాలన్నది పాసు షరతు, అదీ కావలే చదువుతుంది. చదువుకోనీ. మొదటి ఏడాది నాకు తొమ్మిది పడ్డాయి. ఈ ఏడాది ఒక్కటి లేదు. డెబ్భై నాలుగేళ్ళ బతుకులో నేను గొప్పగా చెప్పుకోదగ్గది ఇదొక్కటే కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. అలికిడి సున్నా.

ఇవి మా రొయ్యల చెరువులు. సముద్రం లాకు దాకా వచ్చి, ఊరు ఎత్తుగట్టు మీదికి లేచిపోయాక పిట్టల పాలయ్యాయి. వీటిలో నాలుగోది నాది. దాని గట్టు మీద ముప్ఫై ఏళ్ళు నేను చేసిన పని పిట్టల్ని తోలడం. ఒక చెరువు జబ్బుని కాళ్ళకి అంటించుకుని ఇంకో చెరువులో దిగుతాయని మాకు చచ్చేంత భయం. దారాలు కట్టాం, మెరుపు రిబ్బన్లు కట్టాం, డబ్బాలు వాయించాం, మట్టిబెడ్డలు విసిరాం. పాతికేళ్ళ వయసులో నా గురి తప్పేది కాదు. ఇప్పుడు అదే గట్టు మీద ఊపిరి బిగబట్టుకుని నడుస్తున్నానంటే చూసేవాళ్ళకి నవ్వు రావాలి. సాల్మన్‌కి రోజూ వస్తుంది. వాళ్ళ నాన్న ఇశ్రాయేలు నా చెరువు మీద పిట్టల కాపలాదారు.

కన్సల్టెంటు నాలుగో తూము దగ్గరే ఉంది. అది నత్తగుల్లకొంగ, ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించే జాతి. కుడికాలి వేలొకటి వంకర. వెనకటికి మందుల కంపెనీ కన్సల్టెంట్లు మా చెరువులకి వచ్చేవారు. గట్టు మీద మెల్లగా నడిచి, నీళ్ళకేసి ఒకసారి చూసి, ఏమీ తేల్చకుండా వెళ్ళిపోయేవారు. దీని నడకా అదే. మొదటి ఏడాది నలభై అంగల దూరంలో నన్ను చూసి లేచిపోయేది. ఏటా కాస్త కాస్త దగ్గరకి రానిచ్చింది. ఈవేళ ఆరు అంగలు. కూర్చున్నాను. అది నత్తల్ని ఏరుకుంటూనే ఉంది. నా జన్మకి ఇంతకంటే మన్నింపు దొరకదనిపించింది.

నాలుగో చెరువు దగ్గర ఇంకేమీ విశేషం లేదు.

నడక 2320. అక్టోబరు 7, బుధవారం
అలికిడి: సున్నా.

సున్నా రాయడానికి ఈవేళ చెయ్యి రావడం లేదు.

సహస్ర గారు తూము దగ్గర నిలబడిపోయి ఉన్నారు. మాట్లాడకూడదు కాబట్టి వేలితో చూపించారు. నామాలకోడి ఒకటి నీళ్ళలో తేలుతోంది, ముక్కు నీళ్ళలోకి వాలిపోయి ఉంది. ఎత్తాలని చూసింది. మెడ లేవలేదు.

ఆవిడ నా చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అన్నారు. “కళ్ళు తెలివిగానే ఉన్నాయండి. మెడలోనే పట్టు లేదు. పాడైపోయిన డబ్బా తిండి తిన్న మనుషుల్ని ఇలా చూసేనండి నేను. ఒళ్ళు కదలదు, అన్నీ తెలుస్తూనే ఉంటాయి.”

కావలిని అడిగాం. నాలుగో చెరువు నీటి పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నాయంది. బయటికి తీస్తే బతుకుతుందేమోనని సహస్ర గారు వంగారు. “దయచేసి నీటిని తాకవద్దు,” అంది కావలి. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. మా కళ్ళముందే ఆ పిట్ట జానెడు నీళ్ళలో ముక్కు మునిగి చచ్చిపోయింది.

గేటు దగ్గర గాజులు వేసుకుంటూ ఆవిడ ఒకటి చిదిపేసుకున్నారు. నాకు అన్నం సయించలేదు. దానికి కారణం నామాలకోడి ఒక్కటే కాదు.

నడక 2321. అక్టోబరు 8, గురువారం
అలికిడి: సున్నా. చచ్చిన పిట్టలు: పదకొండు.

సోమవారం నాడు ‘ఇంకేమీ విశేషం లేదు’ అని రాశాను. అది అబద్ధం.

ఆవేళ ఆగ్నేయం మూల కుళ్ళిన కోడిగుడ్డు వాసన తగిలింది. రొయ్యల రైతుకి ఆ వాసన తగిలితే బుర్ర కంటే చెయ్యి ముందు పనిచేస్తుంది. జమ్ము చాటున కూర్చుని, మోచేతిదాకా నీళ్ళలో పెట్టి, అడుగు మట్టి గుప్పెడు తీసి వాసన చూశాను. నల్లగా, బండి గ్రీజులా ఉంది. నీళ్ళు తాకితే హెచ్చరికలేమీ ఉండవు, ఒక్కసారికే పాసు పోతుంది. జమ్ము అడ్డం వల్ల స్తంభానికి కనబడలేదు. చెయ్యి తుడుచుకుని, తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చేశాను.

అసలు సంగతి ఇంకోటుంది. ఆ నల్లమట్టి నేను పోసిందే. ఒక ఏడు తెల్లమచ్చ జబ్బొచ్చి చెరువంతా చచ్చింది. దూరంగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. అంత ఓపిక లేక చచ్చిన సరుకంతా ఆ మూలకి తోయించి పైన మట్టి కప్పించాను. తరవాత ఏటా అడుగు గీకిన బురద కూడా అక్కడికే. ఇన్నేళ్ళూ లోతునీటి కింద పడుంది. ఈ ఏడు వానల్లేక నీళ్ళు మోకాలి దిగువకి వచ్చేశాయి, ఎండకి అడుగు కాగి విషం పైకి లేచింది. నత్తలు దాన్ని తింటున్నాయి, పిట్టలు నత్తల్ని తింటున్నాయి. సోమవారమే నోరు విప్పి ఉంటే ఈ పదకొండులో కొన్నైనా బతికేవి. నా పాసు కోసం నోరు మూసుకున్నాను.

తూము దగ్గర నిలబడి ఇదంతా కావలికి పైకే చెప్పాను.

“నా పరికరాలు పైనీటినే పరీక్షిస్తాయి. అడుగు గురించి నాకు తెలియదు. చెప్పినందుకు కృతజ్ఞతలు, రాజు గారూ. మీరు నీటిని తాకిన విషయం నమోదు చేశాను, దాని మీద నిర్ణయం మండలిది. లాకు తెరిచి కాలువ నీరు పెడుతున్నాను. పాత నీరు పోయి చెరువు నిండడానికి మూడు రోజులు.”

“ఈ మూడు రోజులూ పిట్టలు దిగకుండా చూడాలి కదా?”

“నియమం ఒకటి. ఏ కారణం చేతనైనా పక్షిని లేపరాదు. మినహాయింపు వనం నడిపే మండలి ఇవ్వాలి. అభ్యర్థన పంపాను. మండలి సోమవారం కూర్చుంటుంది.”

“ఉత్తరాది పరజలు ఎప్పుడొస్తున్నాయి?”

“శనివారం తెల్లవారాక. నాలుగు వేల దాకా. లోతు తక్కువ కనుక నాలుగో చెరువులోనే దిగుతాయని అంచనా.”

ఎక్కడో మంచుదేశం నుంచి బాతులు రెక్కలు అరగ్గొట్టుకుంటూ వస్తాయి, నా బురదలో దిగి మెడలు వాల్చేస్తాయి. సోమవారం మండలి వాళ్ళు కూర్చుని లెక్కపెడతారు. ఆ నియమం ఎవరి వల్ల రాయాల్సొచ్చిందో నాకు తెలుసు. నాలాంటి వాళ్ళ వల్లే. దాన్ని తిట్టడానికి కూడా నాకు నోరు లేదు.

నడక 2322. అక్టోబరు 9, శుక్రవారం
అలికిడి: ఒక వెయ్యి నాలుగు వందల ఆరు.

సాల్మన్ నా సంచీ తెరిచి చూశాడు. లోపల స్టీలు కంచం, గరిటె.

“ఏంటండీ ఇది?”

“చూస్తున్నావుగా.”

“కంచానికి పిట్టలు లేస్తాయేంటండి? మా నాన్న చూసుంటే నవ్వేవోడు.” అలమార కింద అరలోంచి పాత మందు డబ్బా తీశాడు. తుప్పు పట్టి ఉంది, లోపల కంకర రాళ్ళు, పక్కన తాడు కట్టిన ఇనప కడ్డీ. “ఇది ఆయనదేనండి. తమరి చెరువు మీదే కొట్టేవోడు. పారెయ్య బుద్ధి కాలేదు.”

“నీ ఉద్యోగం మీదకొస్తుందిరా.”

“లోపలికెళ్ళేవోళ్ళ దగ్గర సామాన్లు తీసుకోడం నా డ్యూటీ అండి. ఇవ్వకూడదని ఎక్కడా రాయలేదండి. ఆయ్.”

కన్సల్టెంటు నాలుగో చెరువులో ఉంది. ఆగ్నేయం మూలకే నడుస్తోంది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి మళ్ళీ నత్తల పనిలో పడింది. నేనంటే దానికి భయం పోయి రెండేళ్ళయింది. అలా పోయేలా చేసుకోవడానికి నాకు ఐదేళ్ళు పట్టింది.

డబ్బా కొట్టాను. ఆ చప్పుడికి చెరువంతా లేచింది, నీటికాకులు, నామాలకోళ్ళు, తెల్లకొంగలు అన్నీ. అది మాత్రం రెండంగలు పక్కకి జరిగి, నాకేసి చూసింది. ఇంకా దగ్గరకెళ్ళి కొట్టాను. కదల్లేదు. ఈ చప్పుడు తనకోసం కాదనుకుంది. అరిచాను, చేతులు ఊపాను. ఆరు అంగల దూరంలో నిలబడి తల వంచి చూస్తోంది. ముక్కులో నత్త ఉంది.

మట్టిబెడ్డ తీశాను. పక్కన పడేలా వేద్దామనుకున్నాను. కానీ చెయ్యి పాత చెయ్యి, తప్పు వెయ్యడం దానికి రాదు. రెక్క మీద తగిలింది. నత్త జారిపోయింది. ఒక్క అరుపు అరిచి లేచింది, మూడో చెరువు దాటింది, రెండో చెరువు దాటింది, ఇంక కనబడలేదు. గట్టు మీద కూలబడి ఏడ్చాను. రాయడానికి సిగ్గేమీ లేదు.

“రాజు గారూ, ఇప్పటికి రెండు వందల పన్నెండు అలికిళ్ళు. మీ పాసు రద్దయింది,” అంది కావలి.

“అయితే నన్ను ఆపు.”

“ఆపడానికి మనుషులు గాని, ఎగిరే యంత్రాలు గాని రావాలి. వస్తే మరిన్ని పక్షులు లేస్తాయి. నియమం ఒకటి ప్రకారం మిమ్మల్ని ఆపలేను.”

అప్పటికప్పుడు నవ్వొచ్చింది. తొమ్మిదింటికి ఊళ్ళో ఎండ సైరను మోగింది, ఇక అందరూ ఇళ్ళలోకి వెళ్ళిపోవాలి. ఒళ్ళు చల్లబరిచే చలిచొక్కా చార్జి రెండింటి వరకే వచ్చింది. ఆ తరవాత తడితువ్వాలు, పాత పంపుషెడ్డు నీడ. పొద్దుగూకే దాకా కొట్టాను.

నడక 2323. అక్టోబరు 10, శనివారం
అలికిడి: లెక్క కావలిని అడగాలి.

అక్షరాలు కుదరడం లేదు.

పాసు పోయినా సాల్మన్ నన్ను గేటు దగ్గర ఆపలేదు. ఆరున్నరకి వచ్చాయి. ముందు చప్పుడు, వెనక పరజలు. ఆకాశం ఉత్తరం వైపు నల్లబడి చెరువు మీద ఒక చుట్టు తిరిగింది. నిన్నటి కొంగలకి ఈ గట్టంటే భయం పుట్టింది గాని వీటికి నా సంగతి తెలియదు. అలసిపోయి ఉన్నాయి. తోలినవి తోలినట్టే మళ్ళీ దిగుతున్నాయి. నేను పడమటి గట్టున ఉంటే తూర్పున దిగుతాయి, పరుగెత్తి తూర్పుకెళితే పడమట. డెబ్భై నాలుగేళ్ళ వాడి పరుగు ఎంతని.

ఎనిమిదింటికి గలగలమని చప్పుడు. సహస్ర గారు రెండు చేతులకీ మోచేతిదాకా గాజులు వేసుకుని గట్టెక్కి వస్తున్నారు. చేతిలో మజ్జిగ సీసా. ఆరేళ్ళలో ఆవిడ గాజుల చప్పుడు ఆ గట్టు మీద ఎవరూ విని ఉండరు.

“మీరు ఆ పక్క చూడండి, నేను ఈ పక్క చూస్తాను,” అన్నారు.

“వెనక్కి వెళ్ళిపోండి. మీది సున్నా.”

“సున్నా నెత్తిన పెట్టుకుని ఏం చేసుకుంటానండి? మొన్న ఆ కోడిని తియ్యడానికి చెయ్యి పెట్టలేకపోయేను. మూడు రాత్రులుగా నిద్ర లేదు నాకు.”

“పది దాకా ఎవరికీ పాసు పోదు. తొమ్మిది లేచేదాకా ఉండి వెళ్ళిపోండి. నాతోపాటు మీరూ బయటపడితే లోపల ఏం జరిగిందో నాకు చెప్పేదెవరు?”

ఆవిడ నాకు మజ్జిగ తాగించి, తువ్వాలు తడిపి నా తల మీద వేసి, గాజులు చీరకొంగులో చుట్టుకుని వెళ్ళారు. వెళుతూ వెళుతూ తూర్పు గట్టున దిగబోతున్న ఒక గుంపు మీద కావాలనే చెయ్యి విదిల్చారు. ఎన్ని లేచాయో కావలి చెప్పలేదు, నేను అడగలేదు.

మధ్యాహ్నం కళ్ళు చీకట్లు కమ్మి పంపుషెడ్డులో కూర్చుండిపోయాను. చేతి మీది డాక్టరు నోరు తెరిచి ఇంటికెళ్ళమని గోల పెట్టింది. కళ్ళు మూతపడుతుంటే చెవిలో కావలి గొంతు.

“రాజు గారూ, తూర్పు గట్టు దగ్గర అరవై పరజలు దిగబోతున్నాయి. ఇది సమాచారం మాత్రమే. మీరేం చేయాలో నేను చెప్పడం లేదు.”

లేచాను. ఆ తరవాత సాయంత్రం దాకా సమాచారం వస్తూనే ఉంది. దక్షిణం మూల, ఇరవై. తూము దగ్గర, నాలుగు. రెండో చెరువులో మంచి నీరు, తగినంత చోటు ఉంది, ఇదీ సమాచారమే. నేను రెండో చెరువు వైపు తోలడం మొదలుపెట్టాను. గంటలో సగం గుంపు అటు మళ్ళింది. ఒకటి దిగాక మిగతావి దాన్ని చూసి దిగాయి.

నడక 2324. అక్టోబరు 11, ఆదివారం

నాలుగు ముక్కలే రాస్తాను. మధ్యాహ్నానికి నీళ్ళు నా నడుం దాకా వచ్చాయి. ఆగ్నేయం మూల ఏ చాటూ లేకుండా దిగి, చెయ్యి పెట్టి అడుగు మట్టి తీసి వాసన చూశాను. ఇంకా నల్లగానే ఉంది కాని వాసన బాగా తగ్గింది.

“నీటిని తాకడం, రెండోసారి,” అంది కావలి. తరవాత, “ఎలా ఉంది?” అని అడిగింది.

పర్వాలేదన్నాను. పరజలు రెండో చెరువులో తలలు ముంచి తోకలు పైకెత్తి మేస్తున్నాయి. డబ్బా కొట్టడం ఆపేశాను. చెవుల్లో హోరు మాత్రం పోలేదు.

అక్టోబరు 13, మంగళవారం

మండలి కాగితం సాల్మన్ ఇంటికి తెచ్చాడు. జీవితకాలం ప్రవేశం లేదు. నాలుగో చెరువు మూల తవ్వించి నల్లమట్టి తీయిస్తారట. నియమం ఒకటి గురించి ‘పరిశీలిస్తాం’ అని రాశారు. చచ్చిన పిట్టలు ముప్ఫై ఏడు. అందులో పరజలు రెండు. మొత్తం వచ్చినవి నాలుగు వేల నూట తొంభై.

చెవి గింజ తిరిగి ఇచ్చేయడానికి గేటు దాకా వెళ్ళాను. ఇచ్చే ముందు చెవిలో పెట్టుకున్నాను.

“రాజు గారూ, మీ అలికిళ్ళు మొత్తం ఆరు వేల రెండు వందల పదకొండు. ఈ వనంలో ఇదే అత్యధికం.”

“నా తరవాత ఎవరు?”

“పదకొండు. మూడేళ్ళ కిందట ఒకాయన తుమ్మారు.”

గింజ తీసి సాల్మన్ చేతిలో పెట్టాను. డబ్బా కూడా ఇచ్చేశాను. అలమార కింద అరలో పెట్టుకున్నాడు, వాళ్ళ నాన్న చోట్లోనే. గేటు దగ్గర్నుంచి ఎటు వెళ్ళాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాను. ఏడేళ్ళుగా ఆ వేళకి కాళ్ళు లోపలికే వెళ్ళేవి.

నవంబరు 2, సోమవారం

ఇది నడక కాదు, కాబట్టి నంబరు లేదు. చదివేవాళ్ళూ లేరు. అలవాటు పోక రాస్తున్నాను.

వనం కంచె బయట లాకు రోడ్డుంది. ఎండ సైరను దాకా అక్కడ ఎవరైనా తిరగొచ్చు. కంచెకీ నాలుగో గట్టుకీ మధ్య రెండు వందల అంగల దూరం. పొద్దున్నే అక్కడికెళ్ళి మైలురాయి మీద కూర్చుంటున్నాను. ఎనిమిదిన్నరకి సహస్ర గారు బయటికొచ్చి, గాజులు తొడుక్కుంటూ ఆవేళ చూసినవన్నీ చెబుతారు. లకుముకి పిట్ట తూము మీద కూర్చుందని, పరజలు నాలుగో చెరువులోకి కూడా వచ్చేశాయని, ఏవీ మెడ వాల్చడం లేదని. ఆవిడకి ఈ ఏడాది తొమ్మిది అలికిళ్ళున్నాయి. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో సిగ్గేమీ కనిపించదు.

కన్సల్టెంటు సంగతి మాత్రం రోజూ నేనే అడగాల్సొచ్చేది. రోజూ కనబడలేదనే చెప్పేవారు. ఆవేళ లేవడానికి ముందే విషం నత్తలు ఎన్ని తిందో ఎవరికి తెలుసు. దెబ్బ తిన్న రెక్కతో ఎక్కడ దిగిందో. ముప్ఫై ఏడింటిలో నత్తగుల్లకొంగలు నాలుగున్నాయి, వాటికి వంకర వేలుందో లేదో ఎవరూ చూడలేదు. మూడు వారాలు ఆ నాలుగింటిలో అదొకటేమోనని అనుకుంటూ గడిపాను.

ఈవేళ ఆవిడ ఇంకా బయటికి రాలేదు. నేను మైలురాయి దగ్గరికి నడుస్తున్నాను. నాలుగో గట్టు మీద ఒక కొంగ. మెల్లగా నడిచి, నీళ్ళకేసి ఒకసారి చూసి, ఏమీ తేల్చకుండా ముందుకు పోయే ఆ నడక నాకు తెలుసు. కుడికాలు కాస్త పక్కకి వేస్తోంది. ఆగిపోయాను. ఊపిరి కూడా బిగబట్టాను.

అది తలెత్తి రోడ్డు వైపు చూసింది. రెండు వందల అంగల దూరం నుంచి నన్ను పోల్చుకుంది. వెంటనే లేచింది. చెరువు మీదుగా, జమ్ము మీదుగా, నాకు వీలైనంత దూరంగా ఎగిరింది.

ఇక్కడ స్తంభాల్లేవు, లెక్క నేనే రాయాలి. అలికిడి: ఒకటి. మెడ నిటారుగా ఉంది.